పొరుగింటివాళ్ల ఇల్లు పోతున్నప్పుడు: గోడకు నోటీసు పడిన రోజు నుంచి కొత్తింట్లో పాలు పొంగేదాకా

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఇద్దరు బ్యాంకు మనుషులు మా ఎదురింటి పెంకుటింటికి వచ్చారు. తలుపు పక్క గోడకు ఒక కాగితం అంటించి, దానికి ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. ఆ ఇంటి పిన్నిగారు అప్పుడు వాకిట్లో గుమ్మడి వడియాలు పెడుతున్నారు. చెయ్యి కడుక్కుని, తడిగుడ్డ తెచ్చి, కాగితం జోలికి పోకుండా దాని కింద గోడ మీద కారిన బంక మాత్రం తుడిచారు. మళ్లీ వచ్చి వడియాల ముందు కూర్చున్నారు.

వీధిలో అందరం చూశాం. సాయంత్రానికి ఎవరి తలుపులు వాళ్లం వేసుకున్నాం. వెళ్తే ఏం మాట్లాడాలి, ఇంకా బాధపెట్టినట్టవుతుందేమో అనుకుంటూ పది రోజులు నేను వాళ్ల గడప తొక్కలేదు. అప్పు తీరక ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నామని బ్యాంకు వేసిన ఆ నోటీసు మీద రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి వాళ్లకున్న గడువు 45 రోజులు. అందులో పది రోజులు మా వీధి మొహమాటానికే పోయాయని తర్వాత లాయరు గారి దగ్గర తేదీలు లెక్కపెడుతుంటే తెలిసింది.

అందుకే ఇది రాస్తున్నాను. మా కోనసీమలో, ఏటికి అవతల భీమవరం, ఆకివీడు వైపు ఇల్లు తనఖా పెట్టి రొయ్యల చెరువులు చేసినవాళ్లు, పిల్లల చదువుకో వైద్యానికో అప్పు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. రేపు మీ వీధిలోనే ఎవరి గోడకైనా కాగితం పడొచ్చు. ఇల్లు నిలబెట్టడం పొరుగువాళ్ల చేతుల్లో లేకపోవచ్చు. ఆ మనుషులు మన వీధి మనుషులుగానే ఉండేలా చూడటం మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఎలాగో, ఏ పని ముందో, ఏది వెనకో నాకు తెలిసినంత చెబుతాను.

మొదటి పని: గడప తొక్కడం

నోటీసు చూసిన రోజో, మర్నాడో వెళ్లండి. భోజనాలయ్యాక, పిల్లలు స్కూల్లో ఉండే వేళ అయితే మంచిది. వట్టి చేతులతో వద్దు, అలాగని బియ్యం బస్తా కూడా వద్దు. మామూలు రోజుల్లో ఏం పట్టుకెళ్తారో అదే పట్టుకెళ్లండి, పెరట్లో కాసిన ఆనపకాయో, గిన్నెడు పనసపొట్టు కూరో. మొదటి రోజే పప్పూ ఉప్పూ మోసుకెళ్తే, మీకు తిండికి లేదని ఊరు అనుకుంటోందని మొహం మీద చెప్పినట్టు ఉంటుంది. నిజంగా ఆ అవసరమే వస్తే మీకు ఎలాగూ తెలుస్తుంది.

తెలిసీ తెలియనట్టు నటించొద్దు. వాళ్లకు అది ఇంకా కష్టం. "నోటీసు చూశానండి పిన్నిగారూ. బ్యాంకుకు వెళ్లేటప్పుడు చెప్పండి, మా ఆయన కూడా వస్తారు." ఇంత చాలు. ఏడిస్తే ఏడవనివ్వండి, ఊరుకోమనొద్దు. మాట్లాడకపోతే మీరూ ఆ వడియాల దగ్గర కూర్చుని కాసేపు పెట్టిరండి.

అప్పు ఎంతని గుచ్చి అడగొద్దు. "ఆ చెరువులు వద్దని అప్పుడే అన్నాను కదా" అనే మాట అసలే వద్దు. సీడు, మేత, లీజు, ఏరియేటర్లకు కరెంటు అన్నీ ముందే పెట్టాలి. రొయ్యకు తెల్లమచ్చ తెగులు తగిలితే వారం తిరక్కుండా చెరువు తెల్లారిపోతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడైతే రోగం రాని చెరువుల వాళ్లకూ రేటు దెబ్బ తగిలింది. తప్పెవరిదో తేల్చమని మనల్ని ఎవరూ అడగలేదు.

మగవాళ్ల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. మా ఎదురింటి బాబాయిగారు ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. మా ఆయన బండెక్కించుకుని ఏటిగట్టు మీదకు తీసుకెళ్లి కూర్చోబెట్టాక, గంటకు నోరు విప్పారు. గోడకు అంటించినది మొదటి కాగితమే కాదట. అంతకుముందు రిజిస్టర్ పోస్టులో రెండు వచ్చాయి. రెండూ విప్పకుండా బీరువాలో పంచెల కింద పెట్టేశారు. పిన్నిగారికి కూడా చెప్పలేదు. ఇలా కవర్లు దాచుకోవడం నేను తర్వాత ఇంకో రెండిళ్లలో కూడా చూశాను. కాబట్టి "ఇంకేమైనా కాగితాలు వచ్చాయా?" అని నెమ్మదిగా అడగండి. కోప్పడకుండా అడగండి.

ఇక్కడే ఒక గట్టి మాట చెప్పాలి. "నేను లేకపోతే అన్నీ సర్దుకుంటాయి", "ఇన్సూరెన్స్ డబ్బులైనా వస్తాయి" లాంటి మాటలు వింటే తేలిగ్గా తీసుకోవద్దు. నిద్ర లేకపోవడం, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టడం, మాట మానేయడం కూడా అంతే. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు కాస్త దిగుతుంది. రైతుల ఇళ్లలో పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి. "మా కొట్లో పెట్టి తాళం వేస్తాం, కావాల్సినప్పుడు ఇస్తాం" అని తీసుకొచ్చేయండి. మేమదే చేశాం. మాటసాయానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ రాత్రే ప్రమాదం అనిపిస్తే ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి 112కు చేయండి.

రెండో పని: కాగితం చదివి, తేదీలు క్యాలెండరు మీద వేయడం

ఇంటి తనఖా అప్పుల మీద బ్యాంకులు ఎక్కువగా 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద కదులుతాయి. కోర్టులో దావా వేయకుండానే ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం ఆ చట్టం ఇస్తుంది. అందుకే కోర్టు కాగితం ఏదీ రాలేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు. వాయిదాలు 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది. ఆ తర్వాత కాగితాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

ముందు వచ్చేది ఆ చట్టం 13(2) సెక్షన్ కింద ఇచ్చే నోటీసు. మొత్తం బాకీ 60 రోజుల్లో కట్టమని ఉంటుంది. చాలామంది దీన్ని చూసి భయపడి పక్కన పడేస్తారు గానీ, ఎక్కువ పని చేయగలిగేది ఈ రోజుల్లోనే. దీనికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వవచ్చు. జవాబు అందిన 15 రోజుల్లోపు బ్యాంకు దాన్ని పరిశీలించి, ఒప్పుకోకపోతే కారణాలు చెప్పాలి. కట్టినవి లెక్కలో పడలేదా, వడ్డీ లెక్క తేడాగా ఉందా, ఎంత గడువు ఇస్తే ఎక్కడి నుంచి తెచ్చి కట్టగలరు, ఇవన్నీ తేదీలతో, అంకెలతో రాయాలి. "దయ చూపండి" అని మాత్రం రాస్తే ఫైల్లో పెట్టేస్తారు. ఉత్తరం రాసే చెయ్యి మీదైతే అంతకన్నా పెద్ద సాయం లేదు. రెండు కాపీలు తీయించి, ఒకదాని మీద బ్రాంచిలో అందినట్టు ముద్ర వేయించుకోండి.

60 రోజులు దాటాక గోడకు అంటించేది స్వాధీనపు నోటీసు. మా ఎదురింటికి పడింది అదే. కాగితం పడినంత మాత్రాన ఆ రోజే ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు, చాలాసార్లు ఇది కాగితం మీద స్వాధీనమే. సింబాలిక్ పొజెషన్ అంటారు. కానీ ఇక్కడి నుంచి 45 రోజుల్లోపు రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి వెళ్లాలి. మన రాష్ట్రానికి అది విశాఖపట్నంలో ఉంది. మనుషుల్ని నిజంగా బయటికి పంపాలంటే బ్యాంకు కలెక్టరు దగ్గరో చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటు దగ్గరో ఉత్తర్వు తెచ్చుకుంటుంది.

వేలానికి ముందు అప్పు తీసుకున్నవాళ్లకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఈ కాగితంలో చూడాల్సిన అంకె రిజర్వు ధర, అంటే వేలంలో ఇంతకు తక్కువకు అమ్మమని పెట్టే ధర. ఊళ్లో సెంటు ధర ఎంత నడుస్తోందో మీకు తెలుసు. మరీ తక్కువ కట్టి ఉంటే ఆ సంగతి లాయరుకు వెంటనే చెప్పాలి. ఇంకో సంగతి కూడా వాళ్లకు ఎవరూ చెప్పరు. వేలం నోటీసు ప్రచురించక ముందే మొత్తం బాకీ, ఖర్చులతో సహా కట్టేస్తే ఇల్లు దక్కుతుంది. ప్రచురించాక ఆ హక్కు పోతుందని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వేలం రోజుదాకా టైముందిలే అనుకుని డబ్బు కూడదీసుకుంటూ కూర్చుంటే చేతికొచ్చిన డబ్బు కూడా పనికిరాకుండా పోతుంది.

మేం చేసింది చిన్న పని. వాళ్ల వంటింటి గోడ మీదున్న పెద్ద క్యాలెండరులో తిథుల పక్కనే ఈ తేదీలు ఎర్ర పెన్నుతో రాశాం. అంతవరకూ ఆ ఇంట్లో టెన్షన్ అంటే ఎప్పుడు ఎవరొస్తారో తెలియకపోవడం. తేదీలు రాశాక పిన్నిగారు మొదటిసారి, "అయితే ఉగాది ఇక్కడే చేసుకుంటాం కదమ్మా" అన్నారు.

చట్టం వర్తించని సందర్భాలు కూడా ఉన్నాయి. తనఖా పెట్టింది పంటభూమి అయితే దాని మీదకు సర్ఫేసీతో రాలేరు. తీసుకున్న అప్పు, వడ్డీ కలిపి అందులో మిగిలిన బాకీ 20 శాతం కన్నా తక్కువైనా అంతే. ఇవి మీరే తేల్చేయకుండా లాయరును అడగండి.

మూడో పని: తోడు వెళ్లడం

లాయరు ఫీజుకు డబ్బుల్లేవని ఆగిపోయేవాళ్లు ఎక్కువ. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, వరదలాంటి విపత్తులో నష్టపోయినవాళ్లకు ఆదాయంతో పని లేదు. అప్పు కాగితాల మీద ఇంటావిడ సంతకం కూడా ఉంటే ఆవిడ పేరునే అర్జీ పెట్టవచ్చు. కోర్టు ఉన్న ఊళ్లో మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, అక్కడ అడగండి. ఉచిత న్యాయ సాయం హెల్ప్‌లైన్ నంబరు 15100.

బ్యాంకులో వన్ టైమ్ సెటిల్‌మెంట్ అడగడం ఇంకో దారి. బాకీలో కొంత తగ్గించి ఒకేసారో, రెండు మూడు వాయిదాల్లోనో కట్టించుకోవడం. ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం, హక్కుగా అడగలేం. అయినా లోక్ అదాలత్ ముందు ఇలాంటివి తేలిన సందర్భాలు చాలా ఉంటాయి. ఏది ఒప్పుకున్నా నోటిమాట మీద డబ్బు కట్టొద్దు, కాగితం చేతికొచ్చాకే కట్టాలి.

బ్యాంకుకు వెళ్లినప్పుడు మీ పని పక్కన కూర్చోవడం. ఎవరు ఏమన్నారు, ఏ తేదీ చెప్పారు అన్నది చిన్న నోటుబుక్కులో రాయండి. టెన్షన్‌లో ఉన్న మనిషికి బయటికొచ్చాక సగం గుర్తుండదు. వాళ్ల తరఫున మీరే మాట్లాడేయకండి. బాబాయిగారి అప్పు గురించి మేనేజరుతో మా ఆయన గట్టిగా వాదిస్తే, బాబాయిగారు కుర్చీలో ఇంకా చిన్నబోయారు. రెండోసారి వెళ్లినప్పుడు మా ఆయన నోరు మెదపలేదు. బాబాయిగారే ఆగి ఆగి తన లెక్క తను చెప్పుకున్నారు.

వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. తిట్టడం, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడం కూడా కూడదు. ముందు బ్యాంకుకు రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. నంబరు 14448.

ప్రామిసరీ నోటు మీద వడ్డీకిచ్చినవాళ్లు వచ్చి ఇంటికి తాళం వేస్తామంటే అది చెల్లదు. వాళ్లు కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాల్సిందే. అదీ కాక, తనఖా పెట్టని ఇల్లయితే, వ్యవసాయదారు గానీ కూలీ గానీ తను కాపురముంటున్న ఇంటిని డిక్రీ కింద జప్తు చేయకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక భయపడి ఇల్లు రాసిచ్చేసినవాళ్లు ఉన్నారు. అలాంటి మనుషులు వచ్చిన వేళ మీరు ఊరికే వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చున్నా చాలు, గొంతులు తగ్గుతాయి.

పేపర్లో పడిన రోజు

స్వాధీనపు నోటీసును వారంలోపు రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి తెలుగు పేపరు. పేర్లు, సర్వే నంబరు, ఇంటి హద్దులు, బాకీ అంకె మొత్తం అందులో ఉంటాయి. తూర్పు హద్దు, పడమర హద్దు అని ఉన్నచోట మీ ఇంటిపేరు కూడా కనిపించవచ్చు.

ఈ రోజు గురించి మాకు ముందు తెలియదు. పొద్దున్నే టీ దుకాణం దగ్గర పేపరు చేతులు మారుతోంది. బాబాయిగారు పాల కోసం వెళ్లి, అక్కడ మాటలు ఆగిపోవడం చూసి, వట్టి క్యాన్‌తో తిరిగొచ్చారు. ఆ తర్వాత నెలరోజులు ఆయన ఆ దారిన పోలేదు. ముందే తెలిసుంటే మా ఆయన తోడు వెళ్లేవారు, పాలు పోయించుకుని, బెంచీ మీద కూర్చుని, టీ తాగి వచ్చేవారు. మీకు ఇప్పుడు తెలిసింది కాబట్టి ఆ వారంలో రోజూ పొద్దున తోడు వెళ్లండి. మాట తిప్పాల్సి వస్తే ఆ ఏడాది దాళ్వా సంగతి ఎత్తండి, కొబ్బరికాయ రేటు ఎత్తండి.

పిల్లలకు స్కూల్లో మాట తగలకుండా క్లాసు టీచరుకు ముందే చెప్పడం మంచిది. అయితే అమ్మానాన్నల్ని అడక్కుండా చెప్పొద్దు. మీ ఇంట్లో పిల్లలకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. పిల్లలు ఇంట్లో విన్నదే వీధిలో అంటారు.

డబ్బు ఇవ్వాలా, జామీను ఉండాలా

ఇవ్వగలిగితే, తిరిగి రాకపోయినా మీ ఇల్లు నడిచేంత మాత్రమే ఇవ్వండి. నోటు రాయించుకోవద్దు. ఒకరికి బాకీ పడి నలిగిపోతున్న మనిషికి ఎదురింట్లో ఇంకో బాకీ తోడైతే, ఆ రోజు నుంచి మీ వాకిలి దాటాలన్నా తల దించుకుంటారు. మేం పిల్లాడి కాలేజీ ఫీజు ఒక టర్ము కట్టాం. బాకీలోకి వేసి ఉంటే అది ఒక నెల వడ్డీకి కూడా చాలేది కాదు. ఫీజు కాబట్టి వాడు పరీక్ష రాశాడు.

జామీను సంతకం మాత్రం పెట్టొద్దు. జామీనుదారు మీదకు కూడా బ్యాంకు అచ్చం అప్పు తీసుకున్నవాళ్ల మీదకు వచ్చినట్టే రాగలదు. కాదని చెప్పడం కష్టమే. "సంతకం పెట్టలేనండి, మిగతా అన్నిటికీ ఉంటాను" అని మొహం చూసి చెప్పి, ఉండండి.

ఇల్లు ఎలాగూ నిలవదని తేలిపోతే, వేలానికి ముందే మంచి ధరకు కొనేవాళ్లను వెతకడం పెద్ద సాయం. 13(2) నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదు. కాబట్టి కొనేవాళ్లను బ్యాంకుకే తీసుకెళ్లి, డబ్బు నేరుగా అప్పు ఖాతాలో పడేలా చేసుకోవాలి. వేలం ధరకన్నా రెండు మూడు లక్షలు ఎక్కువొచ్చినా కొత్తచోట అడ్వాన్సుకు, ఏడాది అద్దెకు అవుతాయి. వేలమే జరిగినా బాకీ, ఖర్చులు పోగా మిగిలింది అప్పు తీసుకున్నవాళ్లకే ఇవ్వాలి. ఆ లెక్క రాతలో అడగమని గుర్తు చేయండి.

ఇక ఆ ఇల్లు మీరే కొనవచ్చా? పక్క స్థలం కలిసొస్తుందంటే ఆశ పుట్టడం సహజం, మా ఇంట్లో కూడా ఆ మాట వచ్చింది. నా అభిప్రాయం ఇది. కొనాలనుకుంటే ముందు వాళ్ల మొహం మీదే అడగండి, ఊళ్లో నడుస్తున్న ధర ఇవ్వండి, వేలందాకా ఆగొద్దు. వేలంలో తక్కువకు వస్తుందని నోరు మూసుకుని కూర్చుని, పాట పాడి కొనుక్కుంటే చట్టం తప్పు పట్టదు. ఆ తర్వాత ఆ గోడ వైపు మీరు ఎలా చూస్తారన్నది మీరే ఆలోచించుకోవాలి. మేం కొనలేదు.

సర్దుడు

ఆషాఢం, భాద్రపదం, పుష్యం లాంటి శూన్యమాసాల్లో మన వైపు ఇల్లు మారరు. బ్యాంకువాళ్ల తేదీలకు పంచాంగంతో పని లేదు. ఖాళీ చేయాల్సిన రోజు శూన్యమాసంలో పడితే, అంతకుముందే ఒక మంచి రోజు చూసి అద్దింట్లో దేవుడి పటం పెట్టి, పాలు పొంగించి, నాలుగు గిన్నెలు ఉంచి వచ్చేయవచ్చు. మిగతా సామాను ఎప్పుడు మోసినా దోషం లేదనుకుంటారు. పిన్నిగారిని పీక్కుతింటున్న దిగుళ్లలో ఇదొకటి. అప్పు గురించి ఎవరెవరో సలహాలు చెప్పారు గానీ దీని గురించి ఎవరూ ఆలోచించలేదు. మా అత్తగారు చెప్పి, జ్యేష్ఠంలోనే ఒక గురువారం పొద్దున్నే ఆవిణ్ని తీసుకెళ్లి పాలు పొంగించి వచ్చారు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయారట.

అధికారులు తాళం వేయడానికి వచ్చేదాకా ఆగకుండా, నాలుగు రోజుల ముందే ఖాళీ చేసేలా చూడండి. పోలీసులు, పంచనామా, వీధంతా జనం, ఆ దృశ్యం పిల్లలు జన్మలో మర్చిపోరు. సామాను జాబితా రాసి, గదిగదికీ వీడియో తీసి ఉంచండి. తనఖాలో ఉన్నది ఇల్లు, స్థలం. ఇంట్లో సామాను వాళ్లదే.

చెట్ల సంగతి మర్చిపోతారు. ఖాళీ చేసేలోపు ఒకసారి కొబ్బరి దింపు తీయించుకోమని చెప్పండి, రెండు నెలల కాయ చెట్టు మీదే వదిలేసి పోవడం ఎందుకు? దింపువాళ్లను మీరే మాట్లాడండి. పిన్నిగారి పెరట్లో తొమ్మిది చెట్లు. ఆఖరి దింపు రోజు ఆవిడ ఒక్కో చెట్టు కిందా నిలబడి కాయలు లెక్కపెట్టుకున్నారు. రెండు మంచి కాయలు విత్తనానికని పక్కన పెట్టారు. అవి మా పెరట్లో నీడలో పాతాం. మొలక వచ్చాక తీసుకెళ్తానన్నారు.

సామాను రోజు మగవాళ్లు బీరువాలు, మంచాలు మోస్తారు, టాటా ఏస్ వస్తుంది, అదంతా ఎలాగో జరిగిపోతుంది. నిజంగా చెయ్యి కావాల్సింది వంటింట్లో. ఆవకాయ జాడీలకు వాసెన గట్టిగా కట్టి, బండిలో వేయకుండా ఒడిలో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్లాలి. రుబ్బురోలు వదిలేద్దామంటారు, వద్దనండి, చోటు లేకపోతే మీ ఇంట్లో పెట్టండి. తులసి మొక్కను కోట నుంచి మట్టితో సహా తీసి బకెట్‌లో పెట్టండి. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, కాబట్టి రెండు పూటలా భోజనం మీ ఇంటి నుంచే వెళ్లాలి. సాంబారన్నం పొట్లాలు వద్దు. అరిటాకు వేసి, వాళ్లను కూర్చోబెట్టి వడ్డించండి.

కాగితాల పని కూడా ఉంది. ఆధార్‌లో చిరునామా, బియ్యం కార్డు, గ్యాసు, ముసలివాళ్ల పింఛను, పిల్లల టీసీ. గ్రామ సచివాలయంలో ఒక పూట తోడు కూర్చుంటే సగం అయిపోతుంది. ముసలివాళ్ల పింఛను ఒక్క నెల కూడా ఆగకుండా దాన్ని ముందు మార్పించండి.

ఇల్లు గోదారి తీసుకెళ్తుంటే

గోదారి మధ్యనుండే లంక గ్రామాల్లో ఇల్లు పోయే దారి వేరు. అక్కడ నోటీసు ఉండదు, గట్టు కోసుకుపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరద తగ్గుతున్నప్పుడు కూడా నానిన ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. నీళ్లు తీశాయి కదా అని ఆ ఇంట్లో మళ్లీ పడుకోనివ్వకండి.

ఇంటికీ ఏటికీ మధ్య ఒక వరస కొబ్బరిచెట్లు మిగిలినప్పుడే కదలాలి. ఇంటి పన్ను రసీదు, పట్టా, కరెంటు బిల్లు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి మీ ఇంట్లో ఉంచుకోండి. ఇల్లు నిలబడి ఉండగానే నాలుగు వైపులా ఫొటోలు తీయండి, పడిపోయాక ఇక్కడ ఇల్లుండేదని చూపించడానికి ఏమీ మిగలదు. వీఆర్వోకు చెప్పి, తహసీల్దారుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పెంకులు, దూలాలు, ద్వారబంధాలు విప్పించడానికి నలుగురు మనుషులతో రెండు రోజుల పని. పాత టేకు ద్వారబంధం కొత్తది కొనాలంటే వేలల్లో మాట, అది ఏట్లో కలవకూడదు. పంటు మీద దాటించే ఖర్చు ఊరంతా వేసుకుంటే ఎవరికీ బరువు కాదు.

వెళ్లిపోయాక

మొదటి నెల అందరూ ఫోన్ చేస్తారు. మూడో నెల నుంచి తగ్గిపోతుంది. మీరు మూడో నెల నుంచి చేయండి. పాత చిరునామాకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, పోస్ట్‌మన్‌కు మీ ఇల్లు చూపించండి. వచ్చినవి ఆ రోజే ఫొటో తీసి పంపండి. వాటిలో బ్యాంకు లెక్కల కాగితం ఉండవచ్చు. బాకీ మొత్తం తీరిపోయి ఇల్లు దక్కినవాళ్లకైతే అసలు దస్తావేజులు 30 రోజుల్లో బ్యాంకు తిరిగివ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి.

పిలుపులు మానొద్దు. పెళ్లికీ, సత్యనారాయణ వ్రతానికీ, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ ఇదివరకు ఎలా పిలిచేవారో అలాగే పిలవండి. అద్దింట్లో ఉన్నారు, ఏం తెస్తారో, మొహమాటపడతారేమో అని మీరే అనుకుని మానేయకండి. రావాలో వద్దో వాళ్లను నిర్ణయించుకోనివ్వండి.

మా వీధిలో ఏ పేరంటమైనా అందరి కాళ్లకూ పసుపు రాసేది ఎదురింటి పిన్నిగారే. కిందటేడు వరలక్ష్మీ వ్రతానికి నేనే వెళ్లి బొట్టు పెట్టి పిలిచాను. చూస్తానన్నారు. శుక్రవారం సాయంత్రం ఆటో దిగారు. మా గేటు వైపు రాకుండా అటు తిరిగి, ఎదురింటి తొమ్మిది చెట్ల వైపు చూస్తూ రోడ్డు మీదే నిలబడ్డారు. లోపల అందరూ చూస్తున్నారు. మా అమ్మాయి పిలవబోతే చెయ్యి పట్టి ఆపాను. రెండు నిమిషాలకు ఆవిడే తిరిగి, మెట్లెక్కి, చెప్పులు విడిచి అడిగారు.

"పసుపు గిన్నె ఏదమ్మా? ఇంకా ఎవరికీ రాయలేదు కదా?"